కంపెనీకి మాత్రమే చెప్పాలి

ముందుగదిలో గోడవారగా పదకొండు లాంతర్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. త్రివేణి చేతిలోని చాయ్ చల్లారిపోయింది. ఆమె తాగలేదు, కూర్చోలేదు కూడా.

అవి ఎక్కడివో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. యూనివర్సిటీ ల్యాబులో తన చేతులతో బిగించినవి. రెండేళ్ల కిందట బాగ్ లింగంపల్లి బస్తీలో పన్నెండు ఇళ్లకు తనే తిరిగి ఇచ్చి వచ్చింది. పగలంతా ఎండలో పెడితే పొద్దుగూకాక ఐదు గంటలు వెలిగే సోలార్ లాంతర్లు. నిన్న సాయంత్రం వాటిని ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెచ్చింది ఆమె భర్త రాఘవేందర్.

అతను అద్దం ముందు నిలబడి, దువ్విన తలనే మళ్లీ దువ్వుకుంటున్నాడు.

"నన్ను ఒక్క మాట అడిగితె ఏమయ్యేది?" అంది త్రివేణి.

"అడిగితె వద్దంటవు."

"వద్దంటనని తెలిసే పోయిన్రా?"

అతను దువ్వెన కింద పెట్టాడు. "కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ట్రయల్ అయిపోయింది, సామాను వాపస్ తెప్పియ్యమన్నరు. లాంతర్లు వాళ్లయి. నేను వాళ్ల డీలర్ని. ఇందుల నాదేమున్నది?"

వంటింటి గడప మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతున్న రాజకుమారి తలెత్తింది. రాఘవేందర్ తల్లి ఆమె. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు హిందీ చెప్పి రిటైరైంది. ఎవరినైనా నిలదీయాలంటే ఆమె గొంతు పెంచదు, తగ్గిస్తుంది.

"రాఘవా, గా బస్తీల నువ్వు ఎవరని చెప్పుకున్నవు? షాపు సేటునని చెప్పినవా?"

"అమ్మా, నువ్వు జర ఊకో."

"మరి వాళ్లు నిన్ను ఎవరనుకొని ఇచ్చిన్రు?"

అతను స్కూటర్ తాళంచెవి తీసుకున్నాడు. త్రివేణి మేడం భర్త అనుకుని ఇచ్చారు. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

చెప్పులు వేసుకుంటూ అతను గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. పన్నెండోది రాలేదని, మాసమ్మ అనే ఆమె ఇవ్వనందని చెప్పాడు. స్కూటర్ స్టార్టయిన చప్పుడు అశోక్ నగర్ సందు చివరిదాకా వినిపించి ఆగిపోయింది.

త్రివేణి అప్పుడు కూర్చుంది. అత్త చేతిలోని పళ్లెం నుంచి నాలుగు చిక్కుళ్లు తీసుకుని తనూ తుంచడం మొదలుపెట్టింది.

"నాకొకటి సమజ్ అయితలేదు," అంది రాజకుమారి. "డీజిల్ జనరేటర్లు అమ్ముకునేటోళ్లు ఎండతోని వెలిగే దీపానికి పైసలెందుకు ఇచ్చిన్రు? ఇచ్చినోళ్లు మల్ల ఎందుకు గుంజుకుంటున్నరు?"

ఆ మొదటి ప్రశ్న రెండేళ్ల కిందట త్రివేణికీ వచ్చింది. అప్పుడు డిపార్ట్‌మెంటులో పాడైన మీటర్లు బాగు చేయించడానికి కూడా దిక్కు లేదు. ప్రభుత్వానికి రాసిన దరఖాస్తులు ఏ బల్ల మీద ఆగాయో తెలిసేది కాదు. అలాంటి రోజుల్లో, తన భర్త షాపుకు జనరేటర్లు పంపే కంపెనీయే ముందుకు వచ్చి, పొగా డీజిలూ లేని కరెంటు మీద పని చేయండి, ఖర్చు మేం పెట్టుకుంటాం అంది. కొత్త మీటర్లు వచ్చాయి. సోలార్ ప్లేట్లు వచ్చాయి. వచ్చిన ప్రశ్నను ఆమె పక్కన పెట్టేసింది.

"తెల్వదు అత్తమ్మా," అంది. ఇన్నాళ్లూ తెలుసుకోలేదన్న సంగతి చెప్పలేదు.

*

మాసమ్మ బస్తీలో లేదు. పక్కనే కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర ఇసుక మోస్తోంది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పదేళ్ల కిందట భర్త బీరయ్యతో పనికోసం వచ్చిన మనిషి. త్రివేణిని చూసి తట్ట దించి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నీడలోకి వచ్చింది.

కోపంగా ఉంటుందేమో అనుకుంది త్రివేణి. మాసమ్మలో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. సారు వచ్చి లాంతరు ఇమ్మన్నాడు. ఎందుకంటే కంపెనీ అడిగింది అన్నాడు. కంపెనీ ఎందుకు ఇచ్చింది అంటే పరీక్షకు అన్నాడు. పరీక్షలో ఏం తేలింది అంటే, నాకు తెలియదు అన్నాడు. అందుకని ఇవ్వలేదు.

"రెండేండ్లు మా ఇంట్ల పరీచ్చ జేసిండ్రు, సరె. పాసయిందో ఫేలయిందో సెప్పకుంట యెట్ల ఇయ్యాల మేడమ్మా?"

"పాసయింది మాసమ్మా. మంచిగ పాసయింది."

అది నిజం. ఆ చిన్న బ్యాటరీలు మామూలుగా ఏడాదికే చచ్చిపోతాయి. త్రివేణి తయారుచేసిన సర్క్యూట్ బ్యాటరీకి ఎంత కరెంటు పంపాలో, ఎప్పుడు ఆపాలో చూసుకుంటుంది. అందుకే రెండేళ్లయినా పన్నెండు లాంతర్లూ మొదటిరోజు వెలిగినంతసేపూ వెలుగుతున్నాయి.

మాసమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "పాసయినదాన్ని ఏమిటికి తీస్కపోతుండ్రు?"

ఉదయం అత్త అడిగిందీ ఇదే ప్రశ్న.

"నాకూ తెల్వదు. తెలుసుకొని వచ్చి చెప్త."

"తెలుసుకొని రా. లాంతరు యాడికి పోదు," అని మాసమ్మ తట్ట ఎత్తుకుంది. మేస్త్రీ అప్పటికే రెండుసార్లు పిలిచాడు.

*

నారాయణగూడలో మధ్యాహ్నం కరెంటు పోయింది. షాపుల ముందు జనరేటర్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. రాఘవేందర్ షాపు ముందు నిలబడితే పక్క మనిషి మాట వినిపించదు. అందుకే కంపెనీ నుంచి వచ్చిన అభిజిత్‌ను అతను వెనకగదిలో కూర్చోబెట్టాడు. త్రివేణి నేరుగా అక్కడికే వెళ్లింది.

అభిజిత్‌కు ముప్పై ఏళ్లుంటాయి. కంపెనీలో పరిశోధనల వ్యవహారం చూస్తాడు. ఆమెను చూడగానే లేచి నిలబడి కుర్చీ జరిపాడు. త్రివేణి పోట్లాటకు సిద్ధపడి వచ్చింది గానీ ఆమె నోటి నుంచి వచ్చింది ప్రశ్న.

"లాంతరు మంచిగ పనిచేసింది. మరి ఎందుకు ఆపేస్తున్నరు?"

అతను దాచలేదు. "మాకు లాంతరు వద్దు మేడం. లాంతర్ల ఉన్న మీ సర్క్యూట్ కావాలె."

తర్వాత అతను చెప్పిందంతా ఆమె అడ్డు రాకుండా విన్నది. డీజిల్ ఎప్పటికీ ఇలాగే నడవదని వాళ్ల పెద్దలకు తెలుసు. రేపు నడిచేది గాలిమరా, ఎండా, వరి ఊకా అన్నది ఎవరికీ తెలియదు. అందుకని దేశంలో పది చోట్ల పదిమందికి డబ్బిస్తారు. ఒకటి పండినా చాలు. ఈ పదిలో పండింది త్రివేణిది. కానీ లాంతరు కొనవలసినవాళ్లు కొనలేరు. కొనగలిగినవాళ్లు అశోక్ నగర్‌లో, చిక్కడపల్లిలో, విద్యానగర్‌లో ఉన్నారు. వాళ్లకు కావలసింది కరెంటు పోగానే ఫ్యాను ఆగకుండా తిప్పే ఇన్వర్టర్. దానికీ బ్యాటరీయే ప్రాణం. ఆ బ్యాటరీ రెండింతల కాలం బతికితే ఈ ఎండాకాలంలో బజారంతా వాళ్లదే. ఆ సర్క్యూట్ వేరే కంపెనీ చేతిలో పడకూడదనే బస్తీ నుంచి లాంతర్లు వెనక్కి తెప్పించారు.

"ఇన్వర్టర్ల బ్యాటరీ కరెంటు తీగెతోనే కద ఛార్జ్ అయితది," అంది త్రివేణి. "ఆ కరెంటు బొగ్గుతోని వస్తది. ఇందుల ఎండ ఎక్కడున్నది?"

"లేదు," అన్నాడు అభిజిత్. "ఇప్పటికి లేదు."

అతను ఒక కవరు ఆమె ముందు పెట్టాడు. ఇంకో రెండేళ్ల ఒప్పందం. అందులో ఆమె ఆరేళ్లుగా యూనివర్సిటీని అడుగుతున్న యంత్రం ఉంది. వేడినీ చలినీ కావలసినంత పెంచి తగ్గించి, ఏ వాతావరణంలో ఏది ఎలా పనిచేస్తుందో చూసే పెట్టె. సోమవారం లోపు సంతకం పెట్టాలి. అప్పటిదాకా కూడా సర్క్యూట్ గురించి బయట ఎవరితోనూ మాట్లాడవద్దని, అలా మాట్లాడారని తెలిస్తే పైవాళ్లు కాగితం వెనక్కి తీసుకుంటారని అభిజిత్ మరీ మరీ చెప్పాడు.

త్రివేణి కవరు తీసుకుంది. అతని మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. ఆ పెట్టె కావాలని మాత్రం చాలా గట్టిగా అనిపించింది. బయట రాఘవేందర్ ఎవరికో జనరేటర్ చూపిస్తున్నాడు. ఆమె పక్కనుంచి వెళ్తున్నా తలెత్తలేదు.

*

ఆదివారం ఉదయం రాజకుమారి కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితాలను పిల్లల కాంపోజిషన్ దిద్దినంత శ్రద్ధగా చదివింది. ఇంగ్లీషులో తనకు తెలియని మాట వచ్చినప్పుడల్లా కోడలిని అడిగింది. మూడో షరతు దగ్గర ఆగిపోయింది.

ఇకమీదట సర్క్యూట్ గురించి ఏం తెలిసినా, మంచిదైనా చెడ్డదైనా, కంపెనీకి మాత్రమే రాతపూర్వకంగా చెప్పాలి.

"మంచిది చెప్పొద్దంటె సమజ్ అయితది. వేరే కంపెనీలు ఎత్తుకపోతరు," అంది. "చెడ్డది కూడ ఎందుకు చెప్పొద్దు?"

రాఘవేందర్ పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. నిన్నటి నుంచి భార్యాభర్తల మధ్య స్నానానికి నీళ్లు, అన్నానికి పిలుపు తప్ప ఇంకో మాట లేదు. రాజకుమారి కాగితాలు మడిచి కోడలి ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తల్లి వెళ్లగానే రాఘవేందర్ పేపరు పక్కన పెట్టాడు.

"సంతకం నీ ఇష్టం. నేనేం అనను. కాని ఒకటి చెప్పు. గా సర్క్యూట్ ఎట్ల పనిచేస్తది?"

పదకొండేళ్ల కాపురంలో అతను ఆమె పని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. వెటకారమేమోనని ఆమె అతని ముఖం చూసింది. కాదు. షాపుకు కొత్త మిషను వచ్చినప్పుడు మూత విప్పి చూసే మనిషి ముఖం అది.

త్రివేణి కవరు వెనకవైపు పెన్సిలుతో బొమ్మ గీసింది. ఇది ప్లేటు, ఇది బ్యాటరీ, ఇది సర్క్యూట్. బ్యాటరీ వేడెక్కితే దానికి తక్కువ కరెంటు పంపాలి. చల్లగా ఉంటే ఎక్కువ పంపవచ్చు. లేకపోతే లోపల ఉడికిపోతుంది. సర్క్యూట్ మీద వేడిని కనిపెట్టే చిన్న పూస ఒకటి ఉంటుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఆ పూస ఎంత వేడి చూస్తే దాన్నిబట్టి కరెంటు తగ్గుతుంది.

చెబుతూ చెబుతూ ఆమె కోపం మరిచిపోయింది. అతను ముందుకు వంగి బొమ్మ మీద వేలు పెట్టాడు.

"గీ పూస బ్యాటరీకి ఆనుకొని ఉంటదా?"

"లాంతర్ల రెండూ పక్కపక్కనే ఉంటయి. దీనికి ఎంత వేడో దానికీ గంతే."

"ఇన్వర్టర్ల పూస మిషన్ల ఉంటది. మిషను గోడ మీద. బ్యాటరీ ఇంకో తాన, కింద." అతను వేలు పూస మీద నుంచి బ్యాటరీ మీదికి జరిపాడు. "బ్యాటరీ ఉడుకుతున్నదని మీదున్న పూసకు ఎట్ల తెలుస్తది?"

త్రివేణి పూస నుంచి బ్యాటరీకి గీత గీయబోయి ఆగింది.

తెలియదు. మిషను ఉన్నచోట గాలి తగిలి చల్లగా ఉంటే, సర్క్యూట్ అంతా చల్లగానే ఉందనుకుంటుంది. కింద బ్యాటరీకి నిండుగా కరెంటు పంపుతూనే ఉంటుంది. లాంతరు తప్ప ఇంకో దాంట్లో దాన్ని పెట్టాలన్న ఆలోచనే ఆమెకు ఎన్నడూ లేదు. అందుకే ఎన్నడూ చూడలేదు.

"తెల్వదు," అంది నెమ్మదిగా. "దానికి తెల్వనే తెల్వదు. పెట్టేముందే వాళ్లకు చెప్పాలె."

రాఘవేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"పెట్టిన్రు," అన్నాడు. "నమూనాకని నాలుగు పంపిన్రు. మూడు వారాలైంది. నాలుగు తాన్ల నేనే దగ్గరుండి పెట్టించిన. నీకు చెప్పొద్దన్నరు."

ఈసారి ఆమె ఎందుకు చెప్పలేదని అడగలేదు. "బ్యాటరీలు ఎక్కడ పెట్టిన్రు?"

"అన్నిట్ల దగ్గరున్నది రామచంద్రయ్య సారిల్లు. ఆడ మెట్ల కింద అల్మారిల."

*

రామచంద్రయ్య ఇల్లు రెండు సందుల అవతల. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆదివారం పూట భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చినందుకు సంతోషపడి లోపలికి పిలిచాడు. ఇన్వర్టర్ పెట్టించుకున్నాక ఒక్కరోజు కూడా ఫ్యాను ఆగలేదని, విద్యానగర్‌లో ఉన్న వియ్యంకుడికి కూడా చెప్పానని అన్నాడు. రాఘవేందర్ ఆ మాటలకు నవ్వాలని చూశాడు.

మెట్ల మలుపులో కిటికీ పక్కన గోడకు మిషను ఉంది. త్రివేణి దాని మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. కిటికీలోంచి గాలి వస్తోంది.

అల్మారీకి తాళం ఉంది. మనుమరాలు చెయ్యి పెడుతుందని తాళం వేశానని రామచంద్రయ్య చెప్పి, తాళంచెవి తెచ్చి ఇచ్చాడు. రాఘవేందర్ తలుపు తీశాడు.

వేడి గాలి ముఖానికి కొట్టింది. దాని వెంట ముక్కు మండించే ఆసిడ్ వాసన. బ్యాటరీ రెండు పక్కలా ఉబ్బి ఉంది.

అర్థమైందన్న చిన్న సంతోషం త్రివేణిలో ముందు కలిగింది. లెక్క సరిపోయినప్పుడు కలిగే సంతోషం. వెంటనే మెట్ల మీద ఆ మనుమరాలి చిన్న చెప్పులు కనిపించాయి.

రాఘవేందర్ గొంతు మాత్రం స్థిరంగా ఉంది. అగ్గిపుల్ల గీయవద్దని, మెయిన్ ఆపేయమని, కిటికీలూ తలుపులూ తెరవమని చెప్పాడు. ఉబ్బిన బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసు మూసిన అల్మారీలో నిండితే ఒక్క నిప్పురవ్వ చాలని అతనికి షాపు అనుభవం వల్ల తెలుసు. గది గాలాడేదాకా ఆగి, చేతికి గుడ్డ చుట్టుకుని తీగలు ఒక్కొక్కటిగా ఊడదీశాడు.

"ఏమైంది బిడ్డా?" అని రామచంద్రయ్య త్రివేణిని అడిగాడు.

రాఘవేందర్ వంగినవాడు వంగినట్టే తల తిప్పి ఆమెను చూశాడు. బ్యాటరీ ఖరాబు వచ్చింది, మార్చి ఇస్తాం అనవచ్చు. షాపుల్లో రోజూ అనే మాటే. ఆ మాట అంటే రేపు సంతకం పెట్టవచ్చు. ఆరేళ్లుగా అడిగిన పెట్టె ల్యాబుకు వస్తుంది. ఈ తప్పును కంపెనీకి రాసి పంపవచ్చు. వాళ్లు ఎప్పుడు చదువుతారో, చదివి ఏం చేస్తారో వాళ్ల ఇష్టం.

"బ్యాటరీది కాదు తప్పు," అంది త్రివేణి. "మిషన్ల నేను తయారుచేసిన సర్క్యూట్ ఉన్నది సార్. అది లాంతరుకోసం చేసింది. ఇట్ల పెడితె పనిచెయ్యదు. మల్ల పెట్టుకోకుండ్రి. మీ వియ్యంకుడికీ వద్దని చెప్పుండ్రి."

మిగిలినదంతా కూడా చెప్పింది. పూస ఎక్కడుందో, బ్యాటరీ ఎక్కడుందో, మధ్యలో ఏం జరిగిందో అన్నీ. రామచంద్రయ్య మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు. రెండూ సరైనవే. బండి నడిచినంత కాలం వెనక పెట్టెలో కూర్చుని ముందున్న ఇంజన్ సంగతి చూసుకున్న మనిషికి ఆ లోపం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇసొంటివి ఇంక ఎన్నున్నయి?" అని అడిగాడు చివరికి.

త్రివేణి భర్త వైపు చూసింది. ఎవరింట్లో ఏది పెట్టారో డీలర్ బయటపెట్టకూడదు. అతను కూడా రెండేళ్ల కిందటే ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ కాగితం పోతే షాపు ముందున్న బోర్డు కూడా పోతుంది.

రాఘవేందర్ చేతి గుడ్డ విప్పి మడత పెట్టాడు.

"మూడున్నయి. ఒకటి నారాయణగూడల, దాని బ్యాటరీ వరండాల ఉన్నది, ఫికర్ లేదు. ఇంకోటి మీ వెనక సందుల మొగిలయ్యన్న ఇంట్ల. ఇప్పుడే పోయి బంద్ చేస్త."

"మూడోది?" అంది త్రివేణి.

ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

"అది ఇల్లు కాదు," అన్నాడు. "చిక్కడపల్లిల కాన్పుల దవాఖాన. ఆపరేషన్ రూం పక్కన ఇనుప బీరువల పెట్టినం. కరెంటు పోయినప్పుడు గా గదికి ఉన్న లైటు అదొక్కటే."

తీసేస్తే చీకటి. ఉంచితే ఆ మూసిన బీరువాలో నిండే గ్యాసు. త్రివేణి గోడ గడియారం చూసింది. పదీ నలభై. ఆదివారం కోతకు కరెంటు పోయేది పదకొండింటికి.